రెండు సేర్ల చౌడుప్పు

నెల్లూరు కలెక్టరాఫీసు రికార్డు రూములో
ఫ్యాను వెయ్యనీడు ఖాజా మొహిద్దీన్.
"గాలి తగిలితే ఊర్లకు ఊర్లే ఎగిరిపోతాయమ్మా" అంటాడు.
నిజమే. మూడో కట్ట విప్పేసరికి
ఒక ఫిర్కా అంచు పొడిపొడిగా రాలి
నా చీర కుచ్చిళ్ళలో పడింది.

నేను వెతికేది గుల్లలతిప్పని.
కనుపర్తి దాటాక, ఉప్పు మళ్ళకు అవతల,
బస్సు రాని చోటు.
మేం కదల్లేదు, జిల్లాలే మా మీదుగా నడిచిపోయాయి.
మా అబ్బ పుట్టేనాటికి నెల్లూరు,
మీసాలొచ్చేనాటికి గుంటూరు,
ఇప్పుడు ప్రకాశం.
అందుకే ఈ కాయితాలు మూడు ఊర్లలో చెదలు పడుతున్నాయి.

మొన్న రొయ్యల గుంటల ఆసామి
పర్రలోకి పొక్లెయిన్ దించాడు.
"ఎప్పట్నించి ఉన్నారు మీరిక్కడ? కాయితం ఉందా?"
తహసీల్దారూ అదే అడిగాడు,
కాస్త మెత్తగా, కుర్చీ చూపించి.

పటం పరిచాం. నాలుగు మూలలా నాలుగు తూనికరాళ్ళు.
సముద్రం వైపు అంతా చుక్కలు, చుక్కలు.
ఆ చుక్కల మధ్య సన్నటి ఇంగ్లీషు అక్షరాలు:
గూ-లాల్-టిప్.
నోట్లో వేడి రొయ్య పెట్టుకొని పలికినట్టు.
దాని కిందనే 'వేస్ట్' అని.
మా అబ్బ ఎండ్రకాయలు తవ్విన చోటు,
మా అమ్మ నన్ను కన్న చోటు.

సెటిల్మెంటు రిజిస్టరులో మేం లేం.
పట్టాదార్లున్నారు, ఇనాందార్లున్నారు,
కరణంగారి కొక్కిరాల అక్షరాల్లో
ఒక మామిడిచెట్టుకు కూడా వరుస నంబరుంది.
ఖాజా కళ్ళజోడు తుడుచుకున్నాడు.
"భూమిలో దొరకని వాళ్ళు
నేరాల్లో దొరుకుతారమ్మా. అది తియ్యమంటారా?"

తియ్యమన్నాను.

ఉప్పు శాఖ, ఫసలీ పదమూడు వందల ఏడు.
ఫసలీ అంటే ఏందంటే
"ఐదొందల తొంభై కలుపుకోండి" అన్నాడు, వేళ్ళు మడిచి.
నూట పద్నాలుగో పేజీలో, పాలీ.
ఎవరో దొరసాని అనుకున్నాను మొదట.
పాలీ, యానాది, ఆడది,
వయసు సుమారు ముప్పై, గూలాల్టిప్.
నేరం: పర్రలో తానుగా పేరిన ఉప్పు గీకుట.
సొత్తు: రెండు సేర్లు, కొబ్బరి చిప్ప ఒకటి.
జరిమానా అర్ధరూపాయి.
చెల్లించలేదు.
ఏడు రోజులు.
రిమార్కుల్లో, సిరా అయిపోవస్తుంటే రాసినట్టు,
చంకన మగబిడ్డ.

"మాయమ్మ పేరు పోలి, ఇంకేం తెలవదు"
అనేవాడు మా అబ్బ.
చచ్చేదాకా గంజిలో ఉప్పేసుకోలేదు ఆయన.
ఎందుకబ్బా అంటే, అలవాటు లేదమ్మే, అనేవాడు.
మేం నవ్వేవాళ్ళం, పిచ్చోడని.

అయినా తిప్ప మీద ఎంతమంది పోళ్ళు లేరు?
ఈమె వేరే పోలి కావచ్చు.
ఆ బిడ్డ ఏడో రోజుకు దక్కాడో లేదో
రాసినోడు రాయలేదు.
రెండు సేర్లు మాత్రం తూచి రాశాడు.

నకలు కావాలంటే ఫారం నింపాలి.
రుసుము నూట ఇరవై, ఆ జరిమానా మీద ఎన్ని రెట్లో
ఖాజా లెక్క కట్టబోయి, నా మొహం చూసి మానేశాడు.
ఊరు, తాలూకా, ఫసలీ, పేజీ.
పని దేనికి? తిప్పకు.
అన్నీ గబగబా రాశాను.
ఐదో గడి దగ్గర కలం ఆగింది:
నిందితురాలికి దరఖాస్తుదారు ఏమవుతారు?

బయట ట్రంకు రోడ్డు మీద లారీలు.
ఎవరో రూము తలుపు తీశారు, పేజీ అంచు లేచింది,
అరచేత్తో అదిమి పట్టుకున్నాను.

మునిమనవరాలు, అని రాశాను.
ఆమె వయసు వాళ్ళు రాసినట్టే,
సుమారుగా.